తనంతట తానే నేర్చుకున్నాడా?



మీ ఇంటిలో ఎదిగే కుర్రవాడు ఉన్నాడా? వాని చేతికి ఎక్కడినుండో ఒక పాత గిటారు వచ్చిందా? అయితే ఈ దృశ్యం మీకు క్రొత్త కాదు. గది తలుపు మూసి ఉంటుంది. లోపలినుండి ఒకే ముక్క పదిసార్లు, ఇరవైసార్లు, యాభైసార్లు వినిపిస్తుంది. ప్రతిసారీ అదే చోట తప్పు పోతుంది. వంటింటిలోనుండి తల్లి, "ఒరే నాయనా, ఆ గోల ఆపరా! ఆ శ్రద్ధలో సగం లెక్కల మీద పెట్టకూడదూ?" అని కేక వేస్తుంది. తండ్రి చేతిలోని పేపరు మడిచి, "గురువు లేని విద్య గుడ్డి విద్య. వాడికి ఎవరు నేర్పారని వస్తుంది?" అంటాడు. ఆ కుర్రవాడు వాయించేది పూజలో పాడే పాట కాక, హెవీ మెటల్ అనే ఆ ఉరుముల సంగీతమైతే ఇక చెప్పనక్కరలేదు. బిడ్డ చెడిపోతున్నాడేమోనన్న బెంగ కూడ మొదలవుతుంది.

ఈ వారం ఆ తండ్రి అన్న మాటను పట్టుకొని కొంచెంసేపు ఆలోచిద్దాం. గురువు లేకుండా ఒక మనిషి తనంతట తానే ఒక విద్య నేర్చుకోగలడా? నేర్చుకుంటే ఆ ఘనత ఎవరిది? ఇది సంగీతానికి సంబంధించిన చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. కాని కొంచెం లోతుగా చూస్తే, ప్రతి క్రైస్తవుడు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇదే. నాకు ఉన్నదంతా నా కష్టార్జితమా? లేక దేవుని వరమా? వరమే అయితే నేను కష్టపడటం ఎందుకు?

దీనికి జవాబు వెదకడానికి హెవీ మెటల్ సంగీతానికి పునాది వేసిన ఒక గిటారు వాద్యకారుని కథను మీ ముందు ఉంచుతాను.

ఇంగ్లండు దేశంలో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలకు పేరుపొందిన నగరం. 1948 ఫిబ్రవరి 19న ఆ నగరంలో, ఇటలీ సంతతికి చెందిన కుటుంబంలో టోనీ అయోమీ జన్మించాడు. చిన్నతనంలో అతడు డ్రమ్ములు కావాలని అడిగాడట. ఇంటిలో ఆ చప్పుడు భరించడం ఎలా? అందుకని వాటికి బదులు, ఆ కుటుంబంలో అలవాటుగా వాయించే అకార్డియన్ చేతికి ఇచ్చారు. తరువాత అతని మనసు గిటారు మీదికి మళ్ళింది. పాఠాలు చెప్పే గురువు లేడు. రికార్డులు పెట్టుకొని, చెవితో విని, వేళ్ళతో వెదికి తనంతట తానే నేర్చుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం. కనుక ఎడమచేతితో తీగలు మీటుతాడు. కుడిచేతి వేళ్ళతో గిటారు మెడ మీద తీగలను నొక్కి స్వరాలు పలికిస్తాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాతి కథకు ఇదే కీలకం.

పదిహేడేళ్ళ వయసులో అతడు రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగు పని చేస్తున్నాడు. 1965లో ఒక సంగీత బృందంతో కలిసి ఐరోపా వెళ్ళే అవకాశం వచ్చింది. ఫ్యాక్టరీలో పని మానేశాడు. ఇక ఆ రోజే ఆఖరు రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, మళ్ళీ వెళ్ళనని తల్లితో అన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఒప్పుకున్న పని సక్రమంగా ముగించి రమ్మని తిరిగి పంపింది. ఆ రోజు రేకులను వంచే యంత్రం మీద పనిచేయవలసిన మనిషి రాలేదు. అలవాటు లేని ఆ యంత్రం దగ్గర ఈ కుర్రవాడిని నిలబెట్టారు. యంత్రం కుడిచేతి మీదికి దిగింది. ఉలికిపడి చేయి వెనుకకు లాగాడు. నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి.

తీగలను నొక్కే చెయ్యి అది. నొక్కే వేళ్ళు అవి. వైద్యులు ఇక గిటారు సంగతి మరచిపొమ్మన్నారు. వయసు పదిహేడు. ఆశ చేతికి అందే రోజునే చేయి పోయింది.

ఆ దిగులులో ఉన్న కుర్రవాడిని చూడటానికి ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. చేతిలో ఒక రికార్డు తెచ్చాడు. విను అన్నాడు. కుర్రవాడికి సంగీతం పేరు వింటేనే గాయం రేగుతోంది, వద్దన్నాడు. ఆయన పట్టుబట్టి వినిపించాడు. విన్న తరువాత అసలు సంగతి చెప్పాడు. ఈ వాయించే మనిషి తీగల మీద రెండు వేళ్ళతోనే స్వరాలు నడిపిస్తాడు, మిగిలిన రెండు వేళ్ళు అగ్నిప్రమాదంలో చచ్చుబడిపోయాయి అని.

ఆ వాద్యకారుని పేరు జాంగో రైన్‌హార్ట్. 1910లో బెల్జియంలో, ఊరూరా తిరిగే రోమానీ సంచారజాతి కుటుంబంలో జన్మించాడు. చదువు లేదు. స్వరలిపి చదవడం రాదు. 1928లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, తాము కాపురముండే బండికి నిప్పు అంటుకొని ఒళ్ళు కాలింది. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు పనికిరాకుండా పోయాయి. మంచం మీద ఉండగానే గిటారు తెప్పించుకొని, మిగిలిన వేళ్ళకు క్రొత్త దారి వెదికాడు. 1934 నాటికి పారిస్‌లో, వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లితో కలిసి స్థాపించిన బృందంతో ఐరోపా జాజ్ సంగీతంలోనే పేరెన్నికగన్నవాడయ్యాడు. 1953లో మరణించాడు. తాను చనిపోయిన పన్నెండేళ్ళకు ఎక్కడో బర్మింగ్‌హామ్‌లో ఒక అబ్బాయిని తన రికార్డు మంచం మీదనుండి లేపి కూర్చోబెడుతుందని అతడు ఊహించి ఉంటాడా?

ఇక టోనీ అయోమీ చేసిన పని చూడండి. గిన్నెలు తోమే ద్రవపు సబ్బు వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండచుట్టాడు. వేడి సోల్డరింగ్ ఐరన్‌తో దానికి రంధ్రం చేశాడు. వేలికి సరిపడేదాకా గరుకు కాగితంతో అరగదీశాడు. పాత తోలు కోటు ముక్కను కత్తిరించి దానిపై అతికించాడు, తీగ జారిపోకుండా. దర్జీ వ్రేలికి తొడుక్కునే అంగుష్టాన వంటి రెండు తొడుగులు అలా తయారయ్యాయి. అయినా చిక్కులు తీరలేదు. తొడుగు వేసిన వేలికి తీగ స్పర్శ తెలియదు. ఎంత గట్టిగా నొక్కుతున్నదీ చెవితోనే తెలుసుకోవాలి. తీగలు బిరుసుగా ఉంటే నొక్కడం కష్టం. సన్నని గిటారు తీగలు ఆ రోజులలో సులభంగా దొరికేవి కావు. బాంజో వాద్యానికి వాడే సన్నని తీగలు తెచ్చి గిటారుకు బిగించుకున్నాడు. తరువాత శ్రుతిని క్రిందికి దించాడు. శ్రుతి దించితే తీగ బిగువు తగ్గి వేలికి సుఖంగా ఉంటుంది, ధ్వని గంభీరమవుతుంది. నాలుగైదు స్వరాలు కలిపి నొక్కడం కష్టమైనచోట రెండు స్వరాలతో సరిపెట్టాడు. మన సంగీత భాషలో చెప్పాలంటే షడ్జమం, పంచమం. మన తంబురాలో నిత్యం వినిపించే ఆ జంటే.

చూశారా, ఇవన్నీ గొప్ప సిద్ధాంతాలు ఆలోచించి చేసిన పనులు కావు. కుంటివాడు కర్ర చెక్కుకున్నట్లు, తన లోపానికి తగిన ఊత వెదుక్కున్నాడు. ఆ ఊతలే ఒక క్రొత్త సంగీతానికి రూపునిచ్చాయి.

1968 చివరిలో అతడు జెత్రో టల్ అనే మరొక ప్రసిద్ధ బృందంలో కొద్దికాలం ఉన్నాడు. అక్కడ నాయకుడు ఉదయమే సాధన మొదలుపెట్టించే క్రమశిక్షణ చూశాడు. ఆ బృందంలో నిలువలేదు గాని ఆ పాఠం వెంట తెచ్చుకున్నాడు. తన పాత మిత్రుల దగ్గరకు తిరిగి వచ్చి, ఇకనుండి మనం కూడ ఉదయం తొమ్మిదికే సాధనకు కూర్చోవాలి అని పట్టుబట్టాడు. రాత్రిళ్ళు మేలుకొనే సంగీతకారులకు ఉదయం తొమ్మిది అంటే అర్ధరాత్రితో సమానం! అయినా కూర్చున్నారు. ఆ బృందం తన తొలి ఆల్బమును 1969 అక్టోబరులో దాదాపు ఒక్క రోజులోనే రికార్డు చేసింది. 1970 ఫిబ్రవరి 13న అది విడుదలైంది. హెవీ మెటల్ అనే సంగీతం అక్కడే మొదలైందని చాలామంది చెబుతారు. ఒక్క రోజులో చేశారని వింటే ఆశ్చర్యం కలుగుతుంది. కాని దాని వెనుక ఉన్న ఉదయాలను కూడ లెక్కపెట్టాలి కదా!

ఆ బృందం పేరు బ్లాక్ సబ్బాత్. పేరు వినగానే మీలో కొందరు నుదుటిపై సిలువ గుర్తు వేసుకొని ఉంటారు. ఆ పేరు 1963లో వచ్చిన ఒక భయానక చలనచిత్రం పేరు. వాళ్ళ పాటల్లో చీకటి ఉంది, భయం ఉంది, యుద్ధాన్ని నడిపించే పెద్దల మీద కోపం ఉంది. ఆ పాటల్లో చాలావాటిని వ్రాసిన గీజర్ బట్లర్ ఐర్లండుకు చెందిన కతోలిక కుటుంబంలో పెరిగినవాడు. 1971లో వచ్చిన వారి ఆల్బములో దేవుని గురించి, మరణం తరువాతి బ్రతుకు గురించి విశ్వాసి పక్షాన నిలబడి అడిగే పాట కూడ ఒకటి ఉంది. అలాగని నేను వారిని పునీతులుగా చూపబోవడం లేదు. ఆ రోజుల్లో మత్తుపదార్థాలు, త్రాగుడు వారి జీవితాలను ఎంత పాడుచేశాయో తరువాత వారే చెప్పుకున్నారు. మీ పిల్లలు ఏది వింటున్నారో, ఆ మాటల అర్థమేమిటో తల్లిదండ్రులుగా మీరు తెలుసుకోవాలి. పునీత అగుస్తీను గారంతటి వారే దేవాలయంలో పాట వినేటప్పుడు, మాట కంటె రాగమే తనను ఎక్కువగా లాగుతోందా అని తనను తాను పరీక్షించుకున్నారు. మనమూ పరీక్షించుకుందాం. కాని చప్పుడు పెద్దదైనంత మాత్రాన అది పాపం కాదు. కీర్తనల గ్రంథం చివరిలో తాళాలు గణగణ మ్రోగించి దేవుని స్తుతించమని పిలుపు ఉన్న సంగతి మరువవద్దు.

ఇప్పుడు మన ప్రశ్నల దగ్గరకు వద్దాం.

మొదటి ప్రశ్న ఆ తల్లిని గూర్చినది. ఆమె చెప్పినది తప్పా? ఒప్పుకున్న పని చివరివరకు చేయమని బిడ్డకు చెప్పడం మనందరం చేసే పనే. మంచి తల్లి చెప్పే మాటే. ఆ మంచి మాట విని వెళ్ళిన బిడ్డ వేళ్ళు పోగొట్టుకొని వచ్చాడు. ఆ తల్లి మనసు ఎంత నలిగి ఉంటుందో బిడ్డలున్న ప్రతివారికీ తెలుస్తుంది. మన విచారణలలో ఇటువంటి భారం మోసే తల్లిదండ్రులు ఎంతమంది లేరు? "నేనే ఆ బస్సు ఎక్కించాను", "నేనే ఆ కాలేజీలో చేర్పించాను", "నేనే ఆ సంబంధం చేశాను" అని సంవత్సరాల తరబడి తమను తాము శిక్షించుకునేవారు. వారికి నేను చెప్పగలిగింది ఇదే. మంచి ఉద్దేశంతో, అప్పటికి తెలిసినంతలో చెప్పిన మంచి మాట, తరువాత జరిగిన కీడు వలన చెడ్డ మాటగా మారిపోదు. రేపు జరగబోయేది చూడగల కన్ను మనకు ఇవ్వబడలేదు. ఆ యంత్రం దగ్గర పని తెలియని కుర్రవాడిని నిలబెట్టినవారి బాధ్యత వేరు. శ్రామికుడు యంత్రానికి పనిముట్టు కాదని, అతనికి మానవ గౌరవం ఉన్నదని 1891లోనే 13వ లియో పాపుగారు లోకానికి చాటి చెప్పారు. ఆ బాధ్యతను తల్లి నెత్తిన వేయకూడదు.

మరి, "దేవుడే ఆ వేళ్ళు తీశాడు, గొప్పవాడిని చేయడానికి" అనవచ్చునా? అనకూడదు. ఓదార్చాలన్న తొందరలో మనం తరచుగా ఇటువంటి మాట అంటాం. చావు ఇంటికి వెళ్ళి కూడ అంటాం. మన దేవుడు పిల్లవాడి వేళ్ళను యంత్రంలో పెట్టి పరీక్షించేవాడు కాడు. కీడును దేవుడు పుట్టించడు, కాని కీడునుండి కూడ మేలును రాబట్టగల శక్తి ఆయనకు ఉంది. ఇదే తిరుసభ బోధ. గాయం గాయమే. దానిని వరమని పిలవనక్కరలేదు. అదే ఆఖరి మాట కాదు అంటే చాలు.

రెండవ ప్రశ్న. అతడు నిజంగా తనంతట తానే నేర్చుకున్నాడా? మన దేశంలో ఏకలవ్యుని కథ తెలియనివారు లేరు. గురువు కాదంటే అడవిలో మట్టి బొమ్మను నిలిపి, దాని ముందు విలువిద్య సాధన చేశాడు. తనంతట తానే నేర్చుకున్నవానికి మన పెద్దలు చూపే ఉదాహరణ ఆయనే. అయినా గమనించండి, అతనికి కూడ ఒక గురువు బొమ్మ కావలసివచ్చింది. చివరికి ఆ గురువే బొటనవ్రేలు అడిగి పుచ్చుకున్నాడు. బర్మింగ్‌హామ్ కథ దీనికి తలక్రిందులు. ముందు వేళ్ళు పోయాయి. ఆ తరువాత ఒక మనిషి గురువును రికార్డు రూపంలో మంచం దగ్గరకు తెచ్చి ఇచ్చాడు.

ఆ మేనేజరు సంగీతకారుడు కాడు. ఒక్క స్వరం నేర్పలేదు. ఆయన చేసింది చిన్న పని, రోగిని చూడటానికి వెళ్ళాడు, ఒట్టి చేతులతో వెళ్ళలేదు. "అయ్యో పాపం" అని నాలుగు మాటలు చెప్పి రావచ్చు. "ఇంకేదైనా పని చూసుకో" అని బుద్ధి చెప్పి రావచ్చు. ఆయన అలా చేయలేదు. ఈ కుర్రవాడి గాయానికి సరిపోయే మరొక గాయపడిన మనిషిని వెదికి తెచ్చాడు. రోగులను దర్శించడం శారీరక దయాకార్యాలలో ఒకటని మనం చిన్ననాడే జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. దాని బలం ఎంతటిదో ఇక్కడ కనిపిస్తుంది.

మన తిరుసభ చరిత్రలో ఇటువంటి మంచం మరొకటి ఉంది. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి లొయోలా ఇన్యాసి అనే వీరుని కాలు విరిగింది. ఇంటిలో పడుకొని ప్రొద్దుపోక, వీరుల కథలున్న పుస్తకాలు తెమ్మన్నాడు. ఆ ఇంటిలో అవి లేవు. క్రీస్తునాథుని జీవిత చరిత్ర, పునీతుల చరిత్రలు ఉన్నాయి. అవే తెచ్చి ఇచ్చారు. అడిగింది ఒకటి, అందింది మరొకటి. ఆ మంచం మీదనుండి లేచినవాడు యేసుసభను స్థాపించిన పునీత ఇన్యాసి గారయ్యారు. పుస్తకం ఇచ్చినవారు ఆయనను పునీతునిగా చేయలేదు. కాని వారు ఇవ్వకపోతే? ఆలోచించండి.

కాబట్టి, తనంతట తానే నేర్చుకున్నవాడు అని మనం పిలిచేవాని వెనుక ఎందరో ఉంటారు. రికార్డు తెచ్చిన మేనేజరు, అంతకుముందు కాలిన చేతితో వాయించిన జాంగో, ఉదయమే సాధన చేయించిన మరొక బృందపు నాయకుడు, చప్పుడు భరించిన ఇంటివారు. 5వ శతాబ్దంలో పెలాజియుసు అనే బోధకుడు, మానవుడు తన సంకల్పబలంతోనే నీతిమంతుడు కాగలడని చెప్పాడు. పునీత అగుస్తీను గారు దానిని ఖండించారు. మనకు ఉన్నదానిలో పొందకుండా వచ్చినది ఏదైనా ఉందా అన్న పునీత పౌలు గారి ప్రశ్నను ఆయన మళ్ళీ మళ్ళీ గుర్తుచేశారు. "నేను ఎవరి సాయం లేకుండా పైకి వచ్చాను" అని ఎవరైనా అంటే, పాపం, అతనికి జ్ఞాపకశక్తి తక్కువ అనుకోవాలి.

ఇక మూడవ ప్రశ్న. అంతా వరమే అయితే సాధన దేనికి? ఇక్కడే మనలో చాలామంది దారి తప్పుతాం. పొరుగువాడి పిల్ల చక్కగా పాడితే, "దేవుడు ఆ పిల్లకు గొంతు ఇచ్చాడు" అంటాం. మన పిల్ల పాడకపోతే, "మన రాత ఇంతే" అంటాం. రెండింటిలోను సాధన అనే మాట ఎగిరిపోతుంది. రికార్డు మంచం దగ్గరకు వచ్చింది, నిజమే. కాని ప్లాస్టిక్ సీసా కరిగించింది ఎవరు? అరగదీసింది ఎవరు? నొప్పి పుడుతుంటే మళ్ళీ మళ్ళీ తీగ నొక్కింది ఎవరు? వరం ముందు వస్తుంది. ఆ వరానికి మనం ఇచ్చే జవాబే సాధన. తలాంతుల ఉపమానంలో ఒకే తలాంతు పొందినవాడు దానిని పాడుచేయలేదు, దొంగిలించలేదు. భయపడి పాతిపెట్టాడు, అంతే. యజమానునికి కోపం తెప్పించింది అదే. తక్కువ ఇచ్చావని సణగడం సులభం. రెండు వేళ్ళ కొసలు పోయినవానికి ఆ సాకు మనందరికంటె ఎక్కువగా ఉంది. అతడు ఆ సాకును వాడుకోలేదు.

గిటారు నేర్చుకునేవారిని అడిగి చూడండి. మొదటి వారాలలో వేళ్ళ కొసలు మండిపోతాయి. కొందరు అక్కడే మానేస్తారు. మానకుండా రోజూ కొంచెంసేపు వాయిస్తే అక్కడ చర్మం గట్టిపడి కాయ కాస్తుంది. ఆదివారం ఒక్కరోజే ఐదు గంటలు వాయిస్తే కాయ కాయదు, బొబ్బ లేస్తుంది. రోజూ అరగంట చాలు. కష్టమైన ముక్కను మొదటే వేగంగా వాయిస్తే తప్పే అలవాటవుతుంది. మెల్లగా, తప్పు లేకుండా వాయించి, ఆ తరువాతే వేగం పెంచాలి. వచ్చిన ముక్కనే మళ్ళీ వాయించి మురిసిపోవడం సాధన కాదు. రానిచోట ఆగి, ఆ రెండు స్వరాలనే విడదీసి వాయించడం సాధన.

పునీత తోమాసు అక్వినాసు గారు సద్గుణాలను గురించి బోధించింది దీనికి దగ్గరగానే ఉంటుంది. మంచి పనులను మరల మరల చేయడం వలన మంచి మనలో అలవాటుగా స్థిరపడుతుంది. ఆ అలవాటు స్థిరపడినప్పుడు మొదట కష్టమైన మంచి పనే సులభమవుతుంది, సంతోషమవుతుంది. విశ్వాసం, నమ్మకం, దైవప్రేమ మాత్రం దేవుడు నేరుగా మన ఆత్మలో ఉంచే వరాలు. కాని వాటిని కూడ పాతిపెట్టక పనిలో పెట్టవలసినది మనమే. వరప్రసాదం మన స్వభావాన్ని త్రోసివేయదు, దానిని పరిపూర్ణం చేస్తుంది అన్నది ఆయన బోధ. అంటే మన కుంటితనాన్ని, మన తెగిన వేళ్ళను, మన ముక్కోపాన్ని, మన మతిమరుపును ప్రక్కన పెట్టి మరొక మనిషిని తెమ్మని దేవుడు అడగడు. ఈ మనిషితోనే పని మొదలుపెడతాడు.

మీ స్వంత జీవితంలో చూడండి. కోపం మీ బలహీనత అయితే, "రేపటినుండి ఇక కోపపడను" అని దివ్యపూజలో చేసిన ప్రతిజ్ఞ సోమవారం ఉదయం కాఫీ ఆలస్యమైనప్పుడే విరిగిపోతుంది. ఎందుకు? ముక్క మొత్తాన్ని ఒకేసారి వేగంగా వాయించబోయారు కనుక. రానిచోటు ఏదో చూడండి. భార్యతోనా? అత్తగారితోనా? సాయంకాలం అలసి ఇంటికి వచ్చిన మొదటి పది నిమిషాలలోనా? ఆ పది నిమిషాలనే విడదీసి సాధన చేయండి. తప్పిపోతే పాపసంకీర్తనం ఉంది. అది మళ్ళీ మొదటి స్వరంనుండి మొదలుపెట్టే చోటు. జపమాల చెప్పేటప్పుడు ఒకే జపాన్ని యాభైసార్లు చెబుతున్నామే, మనసు నిలవడం లేదే అని కొందరు బాధపడతారు. ఆ తలుపు వెనుక కుర్రవాడు కూడ ఒకే ముక్కను యాభైసార్లు వాయిస్తున్నాడు. అతనికి అది విసుగు కాదు, ఇష్టం. ఇష్టమున్నచోట మరల చేయడం భారం కాదు.

పాత నిబంధనలో యాకోబు రాత్రంతా పెనుగులాడిన సంగతి మీకు తెలుసు. తెల్లవారేసరికి ఆశీర్వాదం దొరికింది, తుంటి కూడ తొలగింది. సూర్యోదయాన అతడు కుంటుతూ వెళ్ళాడు. ఆశీర్వాదం వచ్చింది గనుక కుంటు పోలేదు. పునీత పౌలు గారు తన శరీరంలోని ముల్లును తీసివేయమని మూడుసార్లు ప్రార్థించారు. అది తీయబడలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. టోనీ అయోమీ వేళ్ళు తిరిగి మొలవలేదు. ఎన్ని వేల మంది ముందు వాయించినా ముందు తొడుగులు పెట్టుకోవలసిందే.

ఆయన తరువాతి జీవితంలో కూడ కష్టాలు వచ్చాయి. 2012లో లింఫోమా అనే కాన్సరు ఉన్నదని తేలింది. చికిత్స పొందుతూనే పనిచేసి, 2013లో బృందంతో మరొక ఆల్బమును వెలువరించాడు. 2017లో తన ఊరిలోని ఆంగ్లికన్ కథీడ్రల్ కొరకు 133వ కీర్తన ఆధారంగా, గాయకబృందం పాడే ఒక మృదువైన రచన చేసి ఇచ్చాడు. సహోదరులు కలిసిమెలిసి ఉండటం ఎంత మేలో చెప్పే కీర్తన అది. 2025 జూలై 5న, ఎన్నో ఏళ్ళుగా కలిసి వాయించని ఆ తొలి నలుగురు మిత్రులు బర్మింగ్‌హామ్‌లో చివరిసారి ఒకే వేదిక మీద నిలిచారు. ఆ నెల 22న వారిలో గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ కన్నుమూశాడు. దూరమైన అన్నదమ్ములకు కలుసుకునే సమయం ఎప్పుడూ ఉంటుందని అనుకోకండి. ఉన్నప్పుడే కలవండి.

ఇక మీ ఇంటిలోని ఆ మూసిన తలుపు సంగతి. లోపల కుర్రవాడు ఏమి వాయిస్తున్నాడో వెళ్ళి అడగండి. ఆజ్ఞాపించడానికి కాదు, వినడానికి. ఆ పాటలో ఏముందో వానినే చెప్పమనండి. మంచిది కాకపోతే ఎందుకు కాదో ప్రేమతో చెప్పండి. చదువుకు, సాధనకు వేళలు ఏర్పరచండి. మీ విచారణ గాయకబృందంలో తప్పులు వాయించినా ఓర్చుకొని వానికి చోటు ఇవ్వమని పెద్దలను అడగండి. మొదటి ఆదివారం శ్రుతి తప్పితే దేవాలయం కూలిపోదు.

అన్నిటికంటె ముఖ్యంగా, మీ వీధిలో, మీ విచారణలో పడిపోయి ఉన్నవారిని గుర్తుచేసుకోండి. పరీక్ష తప్పినవాడు, ఉద్యోగం పోయినవాడు, యంత్రంలో చేయి పోగొట్టుకున్నవాడు, నిశ్చితార్థం చెడిన ఆడపిల్ల. వారికి గురువు కావలసిన అర్హత మనకు ఉండకపోవచ్చు. ఆ ఫ్యాక్టరీ మేనేజరుకు కూడ లేదు. ఈ వారం ఒకరి ఇంటికి వెళ్ళండి. సలహాలు ఇంటివద్దనే ఉంచి, వారికి సరిపోయేది ఏదైనా ఒకటి తీసుకువెళ్ళండి. ఒక పుస్తకం కావచ్చు, ఒక పాట కావచ్చు, అదే దెబ్బ తిని లేచిన మరొక మనిషి పరిచయం కావచ్చు. మొదట వద్దంటారు. అయినా కొంచెంసేపు కూర్చోండి.

ఆ తరువాత వారు చేసే సాధన వారిది. దానిని ఫలింపజేయడం దేవుని పని. మీ వంతు, తలుపు తట్టడం.